మూడొందల మొన

డెల్మర్ కోతలు కోస్తాడని ఆ చుట్టుపక్కల తెలియని మనిషి లేడు. తెలిసే వింటారు. అసలు ఆదివారం పొద్దున విలుకాళ్ళ క్లబ్బుకి వచ్చేవాళ్ళలో సగం మంది బాణాలు వెయ్యడానికి రారు. నాలుగు వేశామనిపించి, ఆ చెక్క అరుగు మీద కూలబడి, ఫ్లాస్కు మూతల్లో కాఫీ పోసుకుని, డెల్మర్ ఈ వారం ఎంత దూరం పోతాడో చూద్దామని వస్తారు.

ఆ రోజు మాత్రం అరుగు పల్చగా ఉంది. సెప్టెంబరు ఆఖరి ఆదివారం. తెల్లారితే విల్లుతో జింకల వేట మొదలు. మిషిగన్లో ఆ వైపు ఊళ్ళన్నిటికీ అదో పండగ, పండగ ముందురోజు ఎవరి హడావుడి వాళ్ళది. మిగిలింది నలుగురే. మెట్ల దగ్గర కుర్చీలో డెల్మర్. ఎదురుగా రెయిలింగు ఎక్కి ఆల్టన్, ఉద్యోగమున్నన్నాళ్ళూ కలప లారీ తోలి, ఇప్పుడు డెల్మర్ని ఆటపట్టించడమే ఉద్యోగంగా పెట్టుకున్న మనిషి. బల్ల దగ్గర నోరీన్. ఆవిడ పాల కేంద్రంలో పనిచేస్తుంది, నలభై దాటాక విల్లు పట్టింది, వేటకి వెళ్ళడం ఇదే మొదటిసారి. గోడకి ఆనుకుని, ఒళ్ళో ఏదో కాడని గరుకు కాగితంతో రుద్దుకుంటూ గెరిట్.

గెరిట్, డెల్మర్ ఒక ఈడు వాళ్ళు. కుర్చీల ఫ్యాక్టరీలో పక్కపక్క బల్లల దగ్గర జీవితం వెళ్ళదీశారు. అక్కడా డెల్మర్ మాట్లాడేవాడు, గెరిట్ వినేవాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక గెరిట్ దేవదారు కాడలు తెచ్చి బాణాలు చెయ్యడం మొదలుపెట్టాడు. మనిషిని చూసి, వాడి విల్లు లాగి చూసి, దానికి తగ్గట్టు వంగే కాడలు ఏరి, టర్కీ ఈకలు అంటించి ఇస్తాడు. డెల్మర్ బాణాలూ అతను చేసినవే, నోరీన్ బాణాలూ అతను చేసినవే.

ఆ అరుగుకో కట్టుబాటుంది. వేటకి తోడు వెళ్ళినవాడు, ఆ వేట కబురు నడుస్తున్నప్పుడు నోరు విప్పకూడదు. అడవిలో జరిగింది వేసినవాడి సొంతం. వాడెలా చెప్పుకుంటే అలా. తోడెళ్ళినవాడు నవ్వచ్చు, కాఫీ తాగచ్చు, ఇంటికి పోవచ్చు. దిద్దకూడదు. ఎప్పుడో ఒకడు దిద్దబోతే వాడితో ఏళ్ళ తరబడి ఎవరూ వేటకి వెళ్ళలేదట.

"డెల్మర్ గారూ," అంది నోరీన్. బల్ల మీద చిన్న స్పిరిట్ దీపం, పట్టకారు, జిగురు కడ్డీ పెట్టుకుని ఉంది. "మీరొక్కరే తేల్చాలి. ఇప్పుడు నా బాణాలకున్నది నూట పాతిక మొన. నిన్న దుకాణంలో మూడొందలవి కొన్నాను. ఏది పెట్టమంటారు?"

మొనల బరువు గ్రెయిన్లలో చూస్తారు. గ్రెయినంటే ఒక గోధుమగింజ ఎత్తు అనుకోండి. గింజల లెక్కే అయినా, దాని మీద ఈ విలుకాళ్ళు కొట్టుకున్నట్టు ఆస్తుల దగ్గర అన్నదమ్ములు కూడా కొట్టుకోరు.

"అయిపోయింది," అన్నాడు ఆల్టన్, రెయిలింగు మీద సర్దుకు కూర్చుని. "తల్లీ, పెట్రోలు పోసి అగ్గిపుల్ల అడుగుతున్నావు. నాకింకో డోనట్ ఇటు పడెయ్."

డెల్మర్ కాఫీ మూతని రెండు చేతులతో పట్టుకుని ఒక గుటక వేసి, కింద పెట్టాడు. రెండు చేతులతో పట్టుకోవడం పోయిన ఏడాది నుంచే. కుడి భుజంలో నరమేదో తెగింది. యాభై ఐదు పౌన్ల విల్లు లాగిన చెయ్యి, ఇప్పుడు ముప్ఫై ఎనిమిది లాగడానికి పళ్ళు బిగించాలి. ఆ మాట డెల్మర్ ఎవరి దగ్గరా అనడు.

"నూట పాతికా!" అన్నాడు డెల్మర్. "నోరీన్, నూట పాతిక మొనతో వెన్న రాసుకోవచ్చు రొట్టెకి. నీది ముప్ఫై ఎనిమిది పౌన్ల విల్లు కదూ? నాదీ అంతేలే ఈ మధ్య, సరదాకి. మరి చిన్న విల్లుతో పెద్ద జంతువుని కొట్టాలంటే ఏం చెయ్యాలి? ముందు బరువుండాలి. తేలిక బాణం ఈగలాంటిది, వాలుతుంది, పోతుంది. బరువు బాణం పెళ్ళానికి కోపం వచ్చినట్టు, తలుపులు మూసినా ఆగదు. పోయినేడు ఇదే రోజుల్లో, ఆ వాగు పక్కన, పొద్దు పొడుస్తుంటే, నా ముందుకో దుప్పి వచ్చింది. నేనేదో గొప్ప చెప్పుకోవడం కాదు, ఉన్నదున్నట్టు చెప్తున్నా. ఇక్కణ్ణించి ఆ చెత్తడబ్బా ఎంత దూరమో అంత దూరం. మూడొందల మొన పెట్టాను. లాగాను, వదిలాను. ఈ పక్కన దిగి ఆ పక్కన తేలింది. దుప్పి ఒక్క అడుగు వెయ్యలేదు. అలా నిలబడి, నిలబడే, కాళ్ళు మడుచుకుని, పక్క మీద వాలినట్టు వాలిపోయింది. దానికి తెలియనే తెలియదు."

గెరిట్ చేతిలో గరుకు కాగితం ఆగింది. ప్రతిసారీ ఆగుతుంది అక్కడ. చలికాలమంతా, వసంతమంతా, ఎండాకాలమంతా ఆ కథ పెరుగుతూనే వచ్చింది, కానీ ఆ ఒక్క ముక్క మారలేదు. ఎంత కోసినా, ఎక్కడికి పోయినా, జింక పడినచోట మాత్రం డెల్మర్ గొంతు తగ్గుతుంది, చెయ్యి మెల్లగా కిందికి దిగుతుంది, ఏ పసిపిల్లనో పడుకోబెడుతున్నట్టు.

ఆ పొద్దున గెరిట్ పక్కనే ఉన్నాడు. జింక పడలేదు.

జరిగింది వేరు. డెల్మర్ కోసం ఆ చిన్న విల్లుకి గెరిట్ మెత్తటి కాడలు ఏరి బాణాలు చేశాడు, నూట పాతిక మొనకి సరిపోయేట్టు. అప్పటికి డెల్మర్ మనసు చిన్నబోయి ఉంది. ఆడపిల్లలు లాగే విల్లు నా చేతికొచ్చిందిరా అన్నాడు. చేతిలో తగ్గిన బలం మొనలో పెంచుదామనుకున్నాడు కాబోలు, ఎవరికీ చెప్పకుండా ఆ కాడలకే మూడొందల మొనలు అంటించుకొచ్చాడు. క్లబ్బులో గురి చూసుకునే దిమ్మ మీదికి ఒక్కటైనా వేసి చూడలేదు. మొన బరువు మారిస్తే కాడ మార్చాలని డెల్మర్కి తెలియక కాదు. తెలిసినవాడే చేసే తప్పది. బాణం నారి వదిలిన క్షణంలోనే మెలికలు తిరిగింది. ముక్కు గుచ్చుకోవలసింది పోయి, అడ్డంగా, కడుపు మీద తగిలింది. దుప్పి ఎగిరి, నడుం వంచుకుని, వాగు దాటి తుప్పల్లోకి పోయింది. ఆ నడుం వంపు చూసిన వేటగాడు రాత్రుళ్ళు నిద్రపోడు.

"పడిందా?" అన్నాడు ఆల్టన్, డోనట్ నములుతూ. అది వాళ్ళ ఆట. ప్రతి వారం అడగాలి.

"పడకేం! పడ్డాక సంగతి విను ముందు. బాణం ఆగలేదు. వెనకాల బిర్చి చెట్టుంది, ఇంత లావు. దాన్లోంచి పోయింది. చెట్టుకి తెలిస్తేగా! అది మామూలుగానే నిలబడింది. వారం పోయాక చూస్తే ఒక పక్క ఆకులన్నీ రాలిపోయాయి, రెండో పక్క పచ్చగా ఉన్నాయి. అడవి శాఖ వాళ్ళొచ్చి ఏం తెగులో అని ఫొటోలు తీసుకుపోయారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చెట్టులోంచి వాగులోకి పోయింది. వాగులో ఒక చేప, దాని వెనకాలే ఇంకో చేప, రెండూ మొగుడూ పెళ్ళాలు అనుకుంటా, పోట్లాడుకుని ఎడమొహం పెడమొహంగా పోతున్నాయి. రెంటినీ ఒక్క కాడకి గుచ్చి కలిపేసింది. అక్కణ్ణించి గట్టెక్కి, పొలం దాటి, నీ ఇంటి వెనక కట్టెల గుట్టలో దూరింది ఆల్టన్. పోయిన చలికాలం నీ కట్టెలన్నీ ఎవరో చీల్చి పెట్టినట్టు లేవూ?"

"ఒరేయ్, అవి మా ఆవిడ చీల్చిందిరా!"

"ఆవిడ అలా చెప్పిందా? మంచి ఇల్లాలు. పేరు తనే కొట్టేసింది."

నోరీన్ పకపకా నవ్వింది. నవ్వుతూనే దీపం వెలిగించింది. మొదటి బాణం తీసుకుని, మొన దగ్గర సన్నటి మంట మీద తిప్పసాగింది. లోపలి జిగురు కరగాలి. కరిగాక పట్టకారుతో లాగితే పాత మొన ఊడి వచ్చేస్తుంది. కొత్తది తొడగడానికి కాఫీ చల్లారేంత సేపు కూడా పట్టదు.

గెరిట్ చూశాడు. అవి తను ఏరిన కాడలు. డెల్మర్కి చేసినవి ఎంత మెత్తనో ఇవీ అంతే. అదే విల్లు బరువు, అదే కాడ, ఇప్పుడు అదే మొన. రేపు తెల్లవారుజామున ఈవిడ ఏదో చెట్టు మొదట్లో కూర్చుంటుంది, జింక వస్తుంది, బాణం అడ్డం తిరుగుతుంది.

"నోరీన్," అన్నాడు గెరిట్. అతను మాట్లాడడమే ఒక వింత. ఆల్టన్ నమలడం ఆపాడు. "కొత్త మొన పెడితే ముందు ఈకలు పీకిన కాడతో దిమ్మలోకి ఒకటి వేసి చూసుకోవాలి. తోక ఎటు తిరుగుతుందో చూడాలి."

"ఇప్పుడా? తెల్లారితే వేట గెరిట్ గారూ," అందావిడ. "ఇంటికెళ్ళి ఆవులకి మేత వెయ్యాలి, బట్టలు గాలికి ఆరెయ్యాలి, జింకలు పసిగట్టకుండా సబ్బు వాసన పోవాలిగా."

"వాడి మాట వినకు," అన్నాడు డెల్మర్. మాటలో కరుకు లేదు గానీ, గెరిట్ వైపు చూడలేదు. "బాణాలు చేసేవాడికి అన్నీ భయాలే. వంట చేసినవాడు ఉప్పు సరిపోయిందా సరిపోయిందా అంటూనే ఉంటాడు, తినేవాడు తినేస్తాడు. నేను చెప్పేది విను. మూడొందలకే ఇంత పని జరిగితే, ఐదొందలైతే ఏమిటి? అనిపించింది నాకు. అనిపిస్తే ఊరుకుంటానా? మా షెడ్డులో పాత రైలు పట్టా మేకులున్నాయి. కాల్చి, కొట్టి, సాగదీసి, రెండంచుల మొన చేశాను. దాణా కొట్టులో తూకానికి పెడితే ముల్లు ఒక చుట్టు తిరిగి, రెండో చుట్టు తిరిగి, ఇక నావల్ల కాదని ఊడి కింద పడింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ బాణం ట్రక్కులో వెనకాల పెడితే ముందు చక్రాలు లేచిపోయాయి. కెనడా దాకా వెనక చక్రాల మీదే తోలాను. సరిహద్దులో పోలీసు ఆపి, ఏంటయ్యా ఇది అన్నాడు. గుర్రం రౌతుని చూసి బెదిరిందండీ అన్నాను."

"వదిలేశాడా?"

"వదలక? టోపీ తీశాడు! సరే, అక్కడ ఒక మడుగు. మడుగులో మూడు మూస్లు, అడవి దుప్పులన్నిట్లోకీ పెద్దవి, వరసగా, సినిమా టిక్కెట్టు కోసం నిలబడ్డట్టు. ఒక్కోటీ చర్చి తలుపంత ఎత్తు. బాణం ఎక్కుపెడితే విల్లు దాని బరువుకి దానంతటదే వంగిపోయింది, నేను లాగే పనే లేదు. చెయ్యి నొప్పి లేదు, భుజం నొప్పి లేదు." ఆ మాట దగ్గర ఒక్క క్షణం ఆగి, మళ్ళీ అందుకున్నాడు. "వదిలాను. మూడింటిలోంచీ పోయింది. మొదటిది పడుతూ రెండోదాని వైపు చూసి, నీకూనా అంది. రెండోది మూడోదాని వైపు చూసింది. మూడోదానికి చూడడానికి ఎవరూ లేక నా వైపు చూసింది. నేనేం చెయ్యను? టోపీ తీశాను. మూడూ పడిపోయాయి. హాయిగా, నొప్పి లేకుండా. నారి చప్పుడు మాత్రం వాటికి వినపడలేదు. నాకే వినపడలేదు. మర్నాడు ఇంటికొచ్చి కాఫీ కలుపుకుంటుంటే అప్పుడొచ్చింది, టంగుమని. కుక్క లేచి మొరిగింది."

"ఆహా," అన్నాడు ఆల్టన్. "బాణం?"

"అదా? సుపీరియర్ సరస్సులో పడింది. ఆ దెబ్బకి నీళ్ళు గట్టు దాటాయి. ఓడ కెప్టెన్ నాకు ఫోను చేసి తిట్టాడు. సరస్సు అడుగున ఇంకా దిగుతూనే ఉంది అది. నాకైతే అనుమానం, ఆ బరువుకి నేల అటు ఒరుగుతోందని. లేకపోతే మన చెరువుల్లో నీళ్ళు ఏడాదికేడాది ఎందుకు తగ్గుతున్నాయంటావు?"

ఆల్టన్ రెయిలింగు మీంచి పడబోయి నిలదొక్కుకున్నాడు. నోరీన్ కళ్ళు తుడుచుకుంది. డెల్మర్ మొహం వెలిగిపోతోంది. వాగు గట్టు మీద పోయినేడు చూసిన మొహానికీ, దీనికీ పోలిక లేదు. గెరిట్ ఆ మొహాన్ని తనివితీరా చూశాడు. ఇది ఈ మనిషి దగ్గర మిగిలిన ఒకే ఒక వేట, నేను నోరు విప్పితే ఇదీ పోతుంది అనుకున్నాడు.

పట్టకారు టక్కుమంది. పాత మొన ఊడి బల్ల మీద పడింది. నోరీన్ కాడ కొసని గుడ్డతో తుడిచి, పొట్లం విప్పి, మూడొందల మొన ఒకటి బయటికి తీసింది. నల్లగా, లావుగా, చూడ్డానికి నమ్మకంగా ఉంది.

"అయితే డెల్మర్ గారూ, నవ్వులకి కాదు, నిజంగానే అడుగుతున్నాను," అంది. "ఆ మొదటి దుప్పి సంగతి నిజమే కదా? నా విల్లులాంటి దాంతోనే, ఈ మొనతోనే పడిందిగా? నాకు ఒకటే భయం. దాన్ని నొప్పి పెట్టి వదిలెయ్యకూడదు. మా అన్నయ్య ఒకసారి అలా చేశాడు, తర్వాత మళ్ళీ విల్లు ముట్టలేదు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను."

డెల్మర్ కాఫీ మూత తీసుకోబోయి, ఒక చేత్తో పట్టుకోబోయి, మళ్ళీ రెండో చెయ్యి సాయం పెట్టాడు. గెరిట్ అతని మొహంలోకే చూశాడు. చెప్పరా, నువ్వే చెప్పు, కాదని ఒక్క మాట అను చాలు, మిగతా మూస్లూ ఓడలూ అన్నీ నీవే ఉంచుకో.

"పడింది," అన్నాడు డెల్మర్, కాఫీలోకి చూస్తూ. "కళ్ళు మూసుకుని పెట్టు."

నోరీన్ జిగురు కడ్డీ మంట మీద పెట్టింది. కొస మెత్తబడి, ఒక చుక్క సాగింది.

"ఆ జింక దొరకలేదు నోరీన్," అన్నాడు గెరిట్.

ఆల్టన్ చప్పట్లు కొట్టాడు. "అబ్బో! గెరిట్ కూడా మొదలెట్టాడర్రా! కానీ, కానీ."

"నేను పక్కనే ఉన్నాను. దానికి అడ్డంగా తగిలింది, కడుపు మీద. అది పారిపోయింది." గెరిట్ ఒళ్ళో కాడని రెండు చేతులతో పట్టుకున్నాడు. తన గొంతు తనకే కొత్తగా వినపడుతోంది. "వెంటపడితే ఇంకా దూరం పోతుందని చాలాసేపు కదలకుండా కూర్చున్నాం. తర్వాత నెత్తుటి జాడ పట్టాం. చుక్క కనపడినచోటల్లా టాయిలెట్ కాగితం ముక్క కొమ్మకి గుచ్చాం. ఫెర్న్ మొక్కల్లో వీడు మోకాళ్ళ మీద పాకాడు, ఒక్కో ఆకూ తిరగేసుకుంటూ. మధ్యాన్నం వాన పట్టుకుంది. జాడ పోయింది. కాగితాలు కూడా కరిగి కారిపోయాయి. ఆ తర్వాత కూడా వీడు రోజూ వెళ్ళాడు, కాకులు ఎక్కడ వాలుతున్నాయో చూడ్డానికి. దొరకలేదు."

ఆల్టన్ చేతులు చప్పట్ల దగ్గరే ఆగిపోయాయి. మెల్లగా తెచ్చి మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. డోనట్ పొట్లంలో చక్కెర ఒలికి బల్ల మీద పడి ఉంది, దాన్ని చూశాడు, ఆకాశం చూశాడు, డెల్మర్ని తప్ప అన్నీ చూశాడు. అరుగు కట్టుబాటు అతనికీ తెలుసు. అది ఎవరి చేత తెగిందో కూడా చూస్తూనే ఉన్నాడు.

జిగురు చుక్క బల్ల మీద పడి గడ్డకట్టింది. నోరీన్ దీపం మీద మూత పెట్టి ఆర్పింది.

"మొన తప్పు కాదు," అన్నాడు గెరిట్. ఇక చెప్పవలసింది చెప్పెయ్యాలి, సగంలో ఆపితే అంతకన్నా పాపం. "మూడొందలు మంచిదే. దానికి తగ్గ బిరుసు కాడ ఉండాలి. వెనక నుంచి నారి తోస్తుంది, ముందు బరువు కదలనంటుంది, మధ్యలో కాడ నలిగిపోతుంది. నీకు చేసిన కాడలు మెత్తనివి. నూట పాతికకి చేశాను. దాంతోనే వెళ్ళు. అంచు వెంట్రుక తెగేంత పదును పెట్టు. దగ్గరికి రానియ్యి, ఆ చెత్తడబ్బా దాకా కూడా వద్దు, ఈ మెట్ల దాకా రానియ్యి. రాకపోతే వెయ్యకు. చలికాలంలో బిరుసువి చేసిస్తాను."

నోరీన్ తల ఊపింది. డెల్మర్ వైపు తిరిగింది, మళ్ళీ బల్ల వైపు తిరిగింది. మూడొందల మొనని పొట్లంలో వేసి, పొట్లం మడిచింది. పాతదాన్ని తీసుకుని వేలి గోరు మీద పదును చూసుకుంటూ కూర్చుంది. ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి, తనే ఏదో చెయ్యరాని పని చేసినట్టు.

డెల్మర్ కోప్పడతాడేమోనని గెరిట్ ఎదురుచూశాడు. కోప్పడితే బావుండేది. "నువ్వు చెప్పేది అబద్ధం" అన్నా బావుండేది, ఆల్టన్ నవ్వేవాడు, ఏదోలా గట్టెక్కేది. ఫ్యాక్టరీలో ఫోర్మన్ అరిచినప్పుడు, ఫ్యాక్టరీ మూసేసిన రోజున, భుజం గురించి డాక్టరు చెప్పినప్పుడు, ప్రతిసారీ ఈ మనిషి ఏదో ఒక కోత కోసి అందర్నీ నవ్వించాడు. ఇప్పుడు నోరు తెరవలేదు. కాఫీ మూత అరచేతుల మధ్య పెట్టుకుని, మేపుల్ చెట్ల అవతలికి, వాగున్న వైపుకి చూస్తున్నాడు. వెలిగిన మొహం ఎప్పుడు ఆరిందో కూడా తెలియలేదు. ముసలివాడిలా ఉన్నాడు. ముసలివాడే మరి. గెరిట్ ఇన్నాళ్ళూ గమనించలేదు.

నోరీన్ ఆ పొట్లం ఇంకా మడుస్తూనే ఉంది. గెరిట్కి ఏడుపొచ్చింది. తను చేసింది సరైన పనే, రేపు మళ్ళీ అడిగినా అదే చెప్తాడు, కానీ ఎదురుగా కూర్చున్న మనిషిని చూస్తుంటే అదేమీ కంటికి ఆనడం లేదు. ఏదో ఒకటి ఇచ్చెయ్యాలి. వెనక్కి ఇచ్చెయ్యాలి.

"కాదు," అన్నాడు గట్టిగా. ముగ్గురూ అతని వైపు చూశారు. "నేను మర్చిపోయాను. దొరికింది."

"ఏంటి దొరికింది?" అన్నాడు ఆల్టన్.

"జింక. వాన ఆగాక వెళ్ళాం. వాగు అవతల. అక్కడుంది." గెరిట్ జన్మలో ఒక్క కోత కోసి ఎరగని మనిషి. మాటలు ఒక్కొక్కటీ మూట దించినట్టు దింపుతున్నాడు. "బాణం దాంట్లోంచి పోయింది. పోయి, వెనకాల బిర్చి చెట్టుకి... అది కూడా... చెట్టు లోపలికి పోయింది. చాలా లోపలికి."

ఆల్టన్ ఒక్క క్షణం అతని మొహం చూశాడు. అర్థమైంది. మంచివాడు, వెంటనే భుజం కలిపాడు. "అవతలికి తేలిందా చెట్టులోంచి?"

"తేలింది. కొంచెం."

"కొంచెమేనా?"

"జానెడు," అన్నాడు గెరిట్. వడ్రంగి నోరు, కొలత చెప్పకుండా ఉండలేదు. "జానెడు కాదు. ఎక్కువే. గజం. ఆ తర్వాత... ఆ తర్వాత వాగులో చేపలున్నాయి."

"ఎన్ని?"

"మామూలుగా ఉండేవే."

నోరీన్ నవ్వబోయి పెదవి కొరుక్కుంది. ఆవిడ కళ్ళు నిండిపోయాయి.

"దుప్పి మాత్రం పడింది," అన్నాడు గెరిట్. చెమట పట్టింది అతనికి. డెల్మర్ చెయ్యి ఎలా దిగేదో గుర్తు తెచ్చుకుని, అలాగే తన చెయ్యి కూడా మెల్లగా కిందికి దించబోయాడు. గరుకు కాగితం పట్టుకునీ పట్టుకునీ మొద్దుబారిన వేళ్ళు, మధ్యలోనే ఆగిపోయాయి. "నిలబడే... కాళ్ళు మడుచుకుని... నేను చూశాను. నొప్పి తెలియలేదు దానికి. అక్కడికక్కడే పడింది డెల్మర్. పడింది కదరా?"

డెల్మర్ అప్పుడు వాగు వైపు నుంచి తల తిప్పాడు. అతని చూపులో కోపం లేదు. జీవితమంతా పక్క బల్ల దగ్గర నిలబడి పనిచేసినవాణ్ణి చూసినట్టే చూశాడు. వంగి, గాలిలో ఆగిపోయిన గెరిట్ చేతిని పట్టుకుని, తీసుకొచ్చి అతని ఒళ్ళో పెట్టాడు.

"వద్దురా గెరిట్," అన్నాడు. "నువ్వు చెప్తుంటే అది పడట్లేదు."